పేరు మనది, పెత్తనం ఎవరిది?

కొన్ని నెలల కిందట ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు మా కార్యాలయానికి వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ, దాని నిండా కాగితాలు. "ఇది మీ దగ్గరికి తీసుకురావలసిన విషయమో కాదో తెలియదు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. నా కారు సంగతి" అని మొదలుపెట్టారు.

ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో పని చేస్తారు. తల్లిని వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకువెళ్ళడానికి అప్పు చేసి ఒక చిన్న పాత కారు కొనుక్కున్నారు. ఆర్‌సీ ఆమె పేరునే ఉంది, బీమా పాలసీ కూడా ఆమె పేరునే ఉంది. లైసెన్సు ఉంది, బండి నడిపేది ఆమే. ఒకరోజు సూర్యాపేట దగ్గర ముందు వెళ్తున్న లారీ హఠాత్తుగా ఆగితే, ఈమె కారు వెళ్ళి దాన్ని గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. బంపర్ విరిగింది, బానెట్ సొట్టపోయింది, రేడియేటర్ పగిలింది. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండమ్మా."

మరిది మాట్లాడాడు. సూర్యాపేటలో షెడ్లున్నాయి, ఖమ్మంలో ఆమెకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. అయినా "మేం చెప్పిన వర్క్‌షాపులో అయితేనే క్లెయిమ్ వస్తుంది" అన్నారు కాబట్టి కారును క్రేన్ మీద నూటముప్పై కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు తరలించారు. ఖాళీ క్లెయిమ్ ఫారం మీద ఆమె సంతకం తీసుకున్నారు. కారు నలభై రోజులు అక్కడే ఉంది. ఆ నలభై రోజులూ తల్లిని ఆటోలో ఆసుపత్రికి తిప్పారు. చివరికి బిల్లులో సగం కూడా కంపెనీ భరించలేదు. రేడియేటర్ దెబ్బ పాతదని తీసేశారు. మిగతాది ఎందుకు తగ్గించారో చెప్పలేదు. బండి కావాలంటే మిగిలిన డబ్బు కట్టి, "పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అనే కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఆమె పెట్టారు. పెట్టకపోతే మర్నాటి నుంచి పార్కింగ్ చార్జీ వేస్తామన్నారు మరి.

మా దగ్గరికి వచ్చాక ఆమె మొదటిసారి సర్వేయర్ నివేదిక ప్రతి ఇవ్వమని రాతపూర్వకంగా అడిగారు. అది వచ్చింది. అందులో "వాహన యజమాని మదింపునకు సమ్మతించారు" అని ఉంది. ఆమె ఆ సర్వేయర్ ముఖం కూడా చూడలేదు. సమ్మతించింది మరిదిగారు, ఫోనులో!

కార్ల గురించి మన పత్రికలోనా?

కొందరు పాఠకులకు ఈ ప్రశ్న రావచ్చు. కూలి రేట్లు, గృహహింస, భూమి పట్టాల గురించి రాసే పత్రికలో కారు రిపేరు ఎందుకని అడగవచ్చు. కారు కొనగలిగిన వాళ్ళు తమ బాధ తామే పడగలరు కదా అని కూడా అనవచ్చు.

అయితే ఈ ఉపాధ్యాయురాలి కథలో కారు తీసేసి పొలం పెట్టి చూడండి. మన దగ్గర ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి 1986లో రాష్ట్ర సవరణ తెచ్చుకున్నాం. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పట్టా ఆమె పేరున ఉంటే పంట అమ్మేది ఎవరు, బ్యాంకులో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేది ఎవరు అన్న ప్రశ్న అలాగే ఉంది. వాహనాల విషయంలోనూ అదే జరుగుతోంది. ఈరోజు స్కూటీ మీద ఊళ్ళు తిరిగే ఏఎన్ఎం ఉంది, ఆటో నడిపి పిల్లల్ని చదివించుకునే తల్లి ఉంది. హైదరాబాదులో 2015లో షీ క్యాబ్స్ మొదలైనప్పటి నుంచి కారునే బతుకుతెరువు చేసుకున్న స్త్రీలూ ఉన్నారు. వీళ్ళకు బండి ఆగిపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా చాలా ఇళ్ళలో అప్పు సౌకర్యం కోసమో మరొకందుకో బండి భార్య పేరున కొంటారు. ప్రమాదం జరిగిన రోజున ఆ పేరు వెనకున్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు.

బాధ్యత మాత్రం తప్పకుండా ఆమెదే. రిజిస్టర్లో ఎవరి పేరుంటే వారే చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో మళ్ళీ స్పష్టం చేసింది. బండి ఎవరో తీసుకువెళ్ళి ఎవరినో గుద్దితే నష్టపరిహారం కేసులో నోటీసు ఆమె పేరుకే వస్తుంది. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే, బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన డబ్బును ఆమె దగ్గరే వసూలు చేసుకోవచ్చు. బాధ్యత మనమీద ఉన్నప్పుడు నిర్ణయం కూడా మన చేతిలో ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఏ షెడ్డుకు తీసుకుపోవాలి?

మన దేశంలో ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న మోటారు ప్యాకేజీ పాలసీ ప్రామాణిక షరతుల్లో, ఫలానా షెడ్డులోనే బాగు చేయించాలన్న నిబంధన లేదు. ప్రమాద స్థలం నుంచి దగ్గరలోని రిపేరు చేసేవాళ్ళ దాకా బండిని తరలించే ఖర్చును కంపెనీ ఇస్తుందని అందులో ఉంది. ప్రైవేటు కారుకు దాని పరిమితి 1,500 రూపాయలు. "దగ్గరలోని" అన్న మాట గమనించండి. నూటముప్పై కిలోమీటర్లు లాగించి, క్రేన్ ఖర్చు మన నెత్తిన వేయడం ఆ మాటకు సరిపోదు.

మరి "మా వర్క్‌షాపు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? కంపెనీలు కొన్ని షెడ్లతో ఒప్పందం పెట్టుకుంటాయి. అక్కడ బాగు చేయిస్తే కంపెనీ వాటా నేరుగా షెడ్డుకే చెల్లిస్తుంది, మనం మన వాటా కడితే చాలు. దీన్నే క్యాష్‌లెస్ అంటారు. ఇది ఒక సౌకర్యం. చేతిలో డబ్బు లేనివాళ్ళకు నిజంగా ఉపయోగపడేదే. వద్దనుకుంటే మనకు నమ్మకమున్న చోట బాగు చేయించి, ముందు మనం చెల్లించి, బిల్లులు పెట్టి తిరిగి తీసుకోవచ్చు. ఒప్పందం లేని చోట చేయిస్తే క్లెయిమే రాదని ఎవరైనా అంటే, ఆ షరతు పాలసీలో ఏ పేజీలో ఉందో చూపించమనండి. ప్రీమియం తగ్గింపు కోసం కొన్ని పాలసీల్లో అలాంటి షరతులు పెట్టి ఉండవచ్చు. అలా ఉంటే కొనేనాడే మనకు తెలియాలి.

ఎంచుకునే హక్కుతో పాటు మన బాధ్యతలూ ఉన్నాయి. ప్రమాదం సంగతి వెంటనే కంపెనీకి తెలపాలి. సర్వేయర్ చూడకముందు బండి విప్పించకూడదు. షెడ్డు ఇచ్చిన ఎస్టిమేట్ కంపెనీకి అందజేయాలి. దెబ్బతిన్న బండిని అలాగే నడిపితే పెరిగిన నష్టం మనదే అవుతుంది. నష్టానికి డబ్బు ఇవ్వాలా, తానే బాగు చేయించి ఇవ్వాలా అనే వీలు పాలసీలో కంపెనీకీ ఉంది. దాన్ని దాచిపెట్టి మనది తిరుగులేని హక్కని చెప్పడం మిమ్మల్ని మోసం చేయడమే. కానీ ఆ వీలును వాడుకుంటున్నామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. ఫోనులో మరిదికి చెప్పిన మాట దాని కిందికి రాదు.

ఎవరికైనా గాయాలై పోలీసు కేసు అయితే మరో చిక్కు ఉంది. బండిని స్టేషన్లో పెడతారు. మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ ప్రకారం, ప్రమాదానికి గురైన వాహనాన్ని తనిఖీ కోసం తరలిస్తే ఎక్కడికి తరలించారో యజమానికి చెప్పాలి. లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో తిరిగి ఇవ్వాలి. కోర్టు ద్వారా విడిపించుకోవలసి వస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 497వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. బండ్లను స్టేషన్ల ఆవరణలో తుప్పు పట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

కోతల లెక్క

బిల్లులో ప్రతి కోతా అన్యాయం కాదు. ఏది న్యాయమో ఏది కాదో తెలియకపోవడం వల్లే మనం అన్నిటికీ తలూపుతాం, లేదా అన్నిటికీ ఏడుస్తాం. ప్రామాణిక పాలసీలో తరుగుదల లెక్క ఇలా ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం తగ్గిస్తారు. ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం. గాజు భాగాలకు ఏమీ తగ్గించకూడదు. ఇనుప రేకు భాగాలకు బండి వయసును బట్టి తగ్గింపు ఉంటుంది: ఆరు నెలల లోపు ఏమీ లేదు, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు 25 శాతం, అయిదు దాటి పదేళ్ళ లోపు 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. వీటికి తోడు 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు మనం భరించాలి. ఎక్కువ ప్రీమియం కట్టి "జీరో డిప్రిసియేషన్" తీసుకున్నవాళ్ళకు తరుగుదల కోత చాలావరకు ఉండదు.

ఈ లెక్కన మా ఉపాధ్యాయురాలి బంపర్‌లో సగం కోయడం సరైనదే. బానెట్ మీద 25 శాతం తగ్గించడమూ సరైనదే. ముందువైపు గుద్దుకున్న కారులో రేడియేటర్ ఒక్కటే పాత దెబ్బ ఎలా అయిందన్నది మాత్రం అడిగి తీరవలసిన ప్రశ్న. ఆమె ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడ్డారు.

సర్వేయర్ ఒక మాట రాస్తే అది బ్రహ్మరాత కాదు. కొంత మొత్తం దాటిన నష్టాలను లైసెన్సున్న సర్వేయర్ మదింపు చేయాలని 1938 నాటి బీమా చట్టం చెబుతోంది. ఆ నివేదికే ఆఖరి మాట కాదని, దానికి యజమాని గానీ కంపెనీ గానీ కట్టుబడి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ అనే లారీ యజమాని కేసులో తేల్చింది. సర్వేయర్ల మీద 2015లో వచ్చిన నిబంధనలు నివేదికలో యజమాని సమ్మతి ఉందో లేదో రాయాలంటాయి. కాబట్టి సర్వేయర్ వచ్చినప్పుడు మనమే అక్కడ ఉండాలి. ఉండలేకపోతే మన తరఫున ఎవరు మాట్లాడతారో మనమే కాగితం మీద రాసివ్వాలి. ఏ భాగం మార్చాలి, ఏది సరిచేస్తే సరిపోతుంది అన్నది అక్కడే అడగాలి. మార్చిన పాత భాగాలను కంటికి చూపించమనాలి. మనకు బండి గురించి ఏం తెలుసు అనుకోకండి. మిషన్ కుట్టే చేతికి ఏ స్క్రూ ఎందుకు వదులైందో తెలిసినట్టే, రోజూ నడిపే బండి సంగతి నడిపేవాళ్ళకే బాగా తెలుస్తుంది.

సంతకం పెట్టేశాం, ఇక అయిపోయినట్టేనా?

కాదు. పూర్తి పరిష్కారం అని సంతకం పెట్టినంత మాత్రాన వినియోగదారు హక్కు పోదని, మోసంతోనో ఒత్తిడితోనో ఆ సంతకం తీసుకున్నారని చూపగలిగితే ఫిర్యాదు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. అలాంటి వోచర్లను అడ్డుపెట్టి పాలసీదారుల నోరు కట్టేయవద్దని బీమా నియంత్రణ సంస్థ కూడా 2015లో కంపెనీలకు రాసింది. అయినా తర్వాత పోరాడడం కన్నా ముందు జాగ్రత్త మేలు. బండి అవసరమై సంతకం పెట్టక తప్పకపోతే, సంతకం పక్కనే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని తెలుగులోనే రాయండి, తేదీ వేయండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఖాళీ ఫారం మీద మాత్రం ఎప్పుడూ సంతకం పెట్టవద్దు.

ఇక ఎక్కడికి వెళ్ళాలి? ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. దాని ఫోన్ నంబరు 155255, ఫిర్యాదుల పోర్టల్ పేరు బీమా భరోసా. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం ఉంది. లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోగా వెళ్ళవచ్చు. 2019 చట్టం వల్ల మనం నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. ఖమ్మం మనిషి ఖమ్మంలోనే అడగవచ్చు, కంపెనీ ఏ నగరంలో ఉన్నా సరే.

పేరు మార్పిడి మరిచిపోవద్దు

ఎన్నో క్లెయిములు షెడ్డు దాకా వెళ్ళకముందే పోతాయి. పాత బండి కొన్నప్పుడు ఆర్‌సీ మార్పించుకుని బీమా మార్పించుకోని వాళ్ళు చాలామంది. ఎదుటివారికి జరిగిన నష్టం వరకు పాలసీ కొత్త యజమానికి దానంతటదే బదిలీ అవుతుంది. మన బండికి జరిగిన నష్టానికి అవదు. సుప్రీంకోర్టు 1996లోనే ఈ సంగతి తేల్చింది. బదిలీ అయిన 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి.

భర్త పోయిన ఇంట్లో ఇది మరీ క్రూరంగా తగులుతుంది. బండి ఆయన పేరున ఉంటే, 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపితే మూడు నెలల దాకా ఆ బండిని వాడుకోవచ్చు. ఆలోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. పాలసీ కూడా మూడు నెలలో, గడువు తీరే దాకానో, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. దినకర్మలు, బంధువులు, వాటాల గొడవల మధ్య ఈ మూడు నెలలూ ఎప్పుడు గడిచాయో ఆమెకు తెలియదు. చెప్పేవాళ్ళూ ఉండరు. అలాగే యజమాని-డ్రైవరుకు 2018 నుంచి ఉన్న 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, పేరున్న యజమానికి లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. లైసెన్సు లేని భార్య పేరున బండి పెట్టి భర్త నడుపుతూ పోతే, ఆ డబ్బు ఆ ఇంటికి రాదు. కాబట్టి బండి మన పేరున పెడతామన్నప్పుడు సంతోషించడంతో సరిపెట్టకుండా లైసెన్సు కూడా తీసుకోవాలి.

మనం అడగవలసినవి

ఈ విషయాన్ని ఒక్కొక్కరి తెలివికి వదిలేస్తే లాభం లేదు. చిన్న షెడ్డుకు విడిభాగాలూ, పరీక్షించే పరికరాలూ దొరకకపోతే ఎంచుకునే హక్కు కాగితం మీదే ఉంటుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలను సరిగ్గా ఈ తప్పుకే పట్టుకుని 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట షెడ్డులో చేయించినంత మాత్రాన వారంటీ రద్దు చేయవద్దని కూడా ఆదేశించింది. ఆ తర్వాత అప్పీళ్ళూ వాయిదాలూ నడిచాయి. 2022లో కేంద్రం "రైట్ టు రిపేర్" పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. ఊరి మెకానిక్ దగ్గరికి ఆ పరికరాలు చేరినప్పుడే ఇదంతా నిజమవుతుంది.

మన డిమాండ్లు పెద్దవేం కావు. పాలసీ ముఖ్య షరతులు, సర్వే నివేదిక, కోతల లెక్క తెలుగులో ఇవ్వాలి. ప్రమాదం తర్వాత మొదటి ఫోన్‌లోనే క్యాష్‌లెస్ ఒక సౌకర్యమని, షెడ్డు ఎంచుకునేది యజమాని అని చెప్పాలి. పాలసీలో పేరున్న మనిషితోనే మాట్లాడాలి. ఆమె రాసివ్వకుండా ఇంకెవరి సమ్మతినీ సమ్మతిగా లెక్కించకూడదు.

మహిళా సంఘాల సమావేశాల్లో ఒకరోజు దీనికి కేటాయించండి. ఇంట్లో ఉన్న పాలసీ కాగితం తీసి ఎవరి పేరుందో, గడువు ఎప్పటిదాకా ఉందో, ఆర్‌సీతో సరిపోలుతోందో కలిసి చూడండి. మీ అనుభవాలు మాకు రాయండి.

ఆ ఉపాధ్యాయురాలి ఫిర్యాదు ఇప్పుడు అంబుడ్స్‌మన్ ముందుంది. ఇంకా తేలలేదు. మొన్న కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలన్నారట. "నేనే మాట్లాడుతున్నాను, బండి నాదే. చెప్పవలసింది రాసి పంపండి" అన్నారట ఆమె.